వరిలో జన్యు సవరణ గురించి రైతుల సభలో ఎలా మాట్లాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు వరిలో జన్యు సవరణ, అంటే మొక్కలో ఉన్న జన్యువులోనే చిన్న మార్పు చేయడం, మీద పరిశోధన చేస్తున్నారు, ఇటీవలే పరిశోధన పత్రం వెలువడింది. మీ సొంత జిల్లాలో జరిగే ఒక సభలో నలభై నిమిషాలు తెలుగులో మాట్లాడమని అడిగారు. రైతులు, డిగ్రీ విద్యార్థులు, కొందరు విలేకరులు వస్తారు. సరళంగా చెబితే శాస్త్రం పక్కదారి పడుతుందేమో, ఉన్నదున్నట్టు చెబితే ఎవరికీ ఎక్కదేమో అని మీ బెంగ.

నా జవాబు: ఒక్క ఫలితాన్నే ఎంచుకోండి. అది ఏమిటో, దాన్ని ఎలా తేల్చారో, ఎక్కడిదాకా వర్తిస్తుందో చెప్పండి. ఉన్న సమయంలో సగానికి పైగా ఈ చివరి రెండింటికే కేటాయించండి. మన యువ శాస్త్రవేత్తలు చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. మెండెల్ బఠాణీ మొక్కల దగ్గర మొదలుపెట్టి, డీఎన్ఏ నిర్మాణం మీదుగా వచ్చి, అసలు తాము చేసిన పని దగ్గరికి చేరేసరికి గంట కొట్టేస్తారు. మంచి కంకులు ఏరి విత్తనానికి పక్కన పెట్టుకునే రైతుకు వారసత్వ లక్షణాలంటే ఏమిటో మనం మొదటినుంచి చెప్పనక్కర్లేదు. ఏ సమస్యను పరిష్కరించాలని ఈ పని మొదలుపెట్టారో అక్కడ మొదలుపెట్టండి.

నేను వరి తెగుళ్ల మీద చాలా ఏళ్లు పనిచేశాను. ఆ పనిలో భాగంగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతు సదస్సుల్లో మాట్లాడుతూ వచ్చాను. మీ పత్రం నేను చదవలేదు కనుక, మీ సభకు వచ్చేవాళ్లు ఈపాటికే పత్రికల్లో చదివి ఉండగల ఉదాహరణతో నా మాట వివరిస్తాను.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. మొదటిది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే 'కమల'. దీనికి మూలం బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన మన సాంబ మసూరి, బీపీటీ 5204. రెండోది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. దీనికి మూలం మార్టేరు రకం ఎంటీయూ 1010, రైతులు కాటన్ దొర సన్నాలు అనేది. రెండింటికీ తల్లి రకాలు తెలుగు నేలవే. అందుకే మీ సభలో వీటి గురించి ప్రశ్నలు తప్పకుండా వస్తాయి.

కమల గురించి పత్రికల్లో ఎక్కువగా కనిపించిన అంకె 19 శాతం అధిక దిగుబడి. ఈ అంకె తప్పేమీ కాదు. వేర్వేరు ప్రాంతాల్లో జరిపిన పరీక్షల్లో కమల సగటున హెక్టారుకు 5.37 టన్నులు ఇచ్చిందని, సాంబ మసూరి 4.5 టన్నులు ఇచ్చిందని సంస్థ ప్రకటించింది. ఇప్పుడు దీన్ని రైతు లెక్కలోకి మార్చండి. బస్తాకు 75 కిలోల చొప్పున ఎకరాకు సాంబ మసూరి దాదాపు 24 బస్తాలు, కమల దాదాపు 29 బస్తాలు. ఈ లెక్క బల్ల మీద పెట్టగానే డెల్టా రైతు తల అడ్డంగా ఊపుతాడు. కాలువ కింద బాగా చేసే రైతుకు సాంబ మసూరే 29 బస్తాలకు పైగా పండుతుంది. 19 శాతం అన్న మాట ఒక్కటే వింటే అతడు తన 35 బస్తాలకు దాన్ని కలుపుకుని 42 వస్తాయని ఇంటికి వెళతాడు. అలా వస్తాయని ఆ పరీక్షలు ఎక్కడా చెప్పలేదు. అవి అనేక ప్రాంతాల సగటు మాత్రమే చెప్పాయి. అందులో మంచి నేలలూ ఉంటాయి, మామూలు నేలలూ ఉంటాయి.

కాబట్టి శాతం చెప్పే ముందు అది దేనిమీద శాతమో చెప్పండి, వినేవాళ్లు వాడే కొలతలో చెప్పండి. సభకు వెళ్లగానే అక్కడి బస్తా ఎన్ని కిలోలదో కనుక్కోండి. ఊరు మారితే అదీ మారుతుంది.

రెండో రకం విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తల్లి రకం మీద పూసా డీఎస్‌టీకి ప్రకటించిన దిగుబడి ఆధిక్యం లోతట్టు ఉప్పు నేలల్లో 9.66 శాతం, క్షార నేలల్లో 14.66 శాతం, తీర ప్రాంత ఉప్పు నేలల్లో 30 శాతానికి కాస్త ఎక్కువ. వార్తల్లో నిలిచేది సహజంగా ఆ 30. కానీ ఆ తీర నేలల్లో వచ్చిన దిగుబడి హెక్టారుకు దాదాపు రెండున్నర టన్నులు. అంటే ఎకరాకు పది బస్తాలు పండే చోట పదమూడు పండాయన్నమాట. చవుడు నేలతో ఏటా కుస్తీ పట్టే రైతుకు ఆ మూడు బస్తాలు చాలా విలువైనవి, అతడికి ఆ మాట గట్టిగా చెప్పండి. మంచి భూమి ఉన్న రైతుకు ఈ 30 శాతంతో పనే లేదు. ఒకే సభలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉంటారు.

శాతాల వల్ల నిజంగా జరిగిన హాని ఒకటి చెబుతాను, ఇది వైద్యరంగంలోది. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొన్ని రకాల గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని అధికారులు హెచ్చరించారు. రెట్టింపు అన్నది నిజమే: 7,000 మందిలో ఒకరికి ఉన్న ముప్పు ఇద్దరికి అయింది. ఆ రెండో వాక్యం జనానికి చేరలేదు. భయపడి చాలామంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. గర్భం, గర్భస్రావం రెండింటిలోనూ రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల కంటే ఎక్కువ. ఒక వాక్యం తక్కువైనందుకు ఇంత జరిగింది. మీ విషయంలో ప్రాణాల మీదికి రాకపోవచ్చు. కానీ ఒక రైతు ఏడాది పెట్టుబడి మీ వాక్యం మీద ఆధారపడవచ్చు.

ఇక ఏ ఫలితాన్ని ఎంచుకోవాలి? మీకు ఎక్కువ గర్వంగా అనిపించేదాన్ని కాకుండా, వినేవాళ్ల పనికి దగ్గరగా ఉండి, ఆధారాలు గట్టిగా ఉన్నదాన్ని ఎంచుకోండి. కమల విషయంలో నేనైతే దిగుబడిని పక్కనపెట్టి పంటకాలాన్ని తీసుకుంటాను. సాంబ మసూరి కంటే అది సుమారు 20 రోజుల ముందు, 130 రోజుల్లో కోతకు వస్తుందని ప్రకటించారు. కృష్ణా డెల్టాలో వరి మాగాణిలో మినుము చల్లే రైతుకు ఆ 20 రోజులంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మినుము అదునులో పడుతుంది. చివరి తడులు మిగులుతాయి. కాలువ చివరి భూముల వాళ్లు మరింత శ్రద్ధగా వింటారు. అయితే అదే ఊపులో హద్దు కూడా చెప్పాలి. కోత 20 రోజులు ముందుకు జరిగితే కొన్ని చోట్ల అది తుపానులు వచ్చే రోజుల్లోకి వచ్చి పడవచ్చు. అప్పుడు నారు పోసే తేదీ కూడా మార్చుకోవాలి. ఈ మాట మీరే ముందుగా అంటే, వెనక వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్న పెద్దాయన కాస్త ముందుకు వంగి వింటాడు.

ఇప్పుడు ఎలా తేల్చారన్న భాగం. దీన్ని వదిలేయమని మీకు చాలామంది సలహా ఇస్తారు, జనానికి ఆసక్తి ఉండదంటారు. నా అనుభవం పూర్తిగా వేరు. పరీక్ష ఎలా పెట్టారన్నది రైతుకు అందరికంటే బాగా అర్థమవుతుంది. ఒకే మడిలో రెండు రకాలూ పక్కపక్కన వేశారా, ఎరువు ఒకటేనా, ఎన్ని చోట్ల వేశారు, ఎన్నేళ్లు వేశారు, నీళ్లు అందని ఏడాది ఎలా వచ్చింది అని వాళ్లే అడుగుతారు. ఒక పరిశోధన పత్రాన్ని సమీక్షించేవాళ్లు అడిగేవీ ఇవే.

కణంలో జరిగేదాన్ని చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. జన్యు సవరణకు వాడే క్రిస్పర్ అనే సాధనాన్ని అందరూ కత్తెరతో పోలుస్తారు. పోలిక వాడండి, తప్పులేదు, కానీ అది ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పండి. కత్తెర కోస్తుంది, అంతే. మార్పు వచ్చేది ఆ కోతను మొక్క కణం తనంతట తాను అతుక్కునేటప్పుడు. ఆ అతుకులో కొన్ని డీఎన్ఏ అక్షరాలు జారిపోతాయి, దాంతో ఆ జన్యువు పని ఆగిపోతుంది లేదా తగ్గుతుంది. కమలలో అలా సవరించింది సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విరిచేసే ఎంజైమ్ తాలూకు జన్యువును. విరిచేది తగ్గితే ఎదిగే కంకిలో ఆ హార్మోన్ ఎక్కువగా నిలుస్తుంది, గింజల సంఖ్య పెరుగుతుంది. ఇంతవరకు డిగ్రీ విద్యార్థికీ రైతుకూ ఒకే వాక్యాల్లో చెప్పవచ్చు. జన్యువు పేరు సీకేఎక్స్2 అని విద్యార్థుల కోసం ఒకసారి అనండి, అందరితో బట్టీ పట్టించకండి.

ఇక్కడే అబద్ధంగా మారే సరళీకరణ ఒకటి ఉంది. 'ఇందులో బయటి జన్యువు అసలు పెట్టనే లేదు' అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సాధారణంగా ఈ పద్ధతిలో కోసే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును మొదట మొక్కలోకి పంపుతారు. సవరణ జరిగాక, తర్వాతి తరాల్లో అది లేని మొక్కలను ఏరి తీసుకుంటారు. కాబట్టి 'చివరికి పొలంలోకి వచ్చే మొక్కలో బయటి జన్యువు మిగలదు, అది లేదని పరీక్షించి నిర్ధారించుకుంటాం' అనండి. రెండో వాక్యం మొదటిదానికంటే పెద్ద కష్టమేమీ కాదు. కానీ విద్యార్థుల్లో ఎవరైనా ఇంటికి వెళ్లి చదివితే మొదటి వాక్యం చెప్పినవాళ్ల మీద నమ్మకం పోతుంది, రెండోది చెప్పినవాళ్ల మీద పెరుగుతుంది. సరళం చేయడమంటే వివరాలు తగ్గించడం. మిగిలిన మాట మాత్రం నిజంగానే ఉండాలి. మీ ప్రతి వాక్యాన్నీ ఈ కొలతతో చూసుకోండి.

నేను ఏ ప్రసంగానికైనా ముందు ఒక కాగితం మీద మూడు గడులు గీసుకుంటాను: కొలిచినవి, ఆ కొలతల నుంచి అనుకుంటున్నవి, ముందుముందు జరగాలని ఆశిస్తున్నవి. చెప్పదలచుకున్న ప్రతి మాటా వీటిలో ఏదో ఒక గడిలోకి వెళ్లాలి. ఈ కొత్త రకాలను 50 లక్షల హెక్టార్లలో వేస్తే 45 లక్షల టన్నుల అదనపు ధాన్యం వస్తుందన్న మాట మీరు చదివే ఉంటారు. హెక్టారుకు దాదాపు 0.9 టన్ను చొప్పున గుణిస్తే ఆ అంకె వస్తుంది. ఇది మూడో గడిలోది. అన్ని లక్షల హెక్టార్లలో ఆ రకం ఇంకా ఎవరూ వేయలేదు కదా. చెప్పకూడదని కాదు, 'ఇది లెక్కగట్టినది, కొలిచినది కాదు' అని గొంతు మార్చి చెప్పాలి.

తెగుళ్ల వైపు నుంచి కూడా ఒక ఉదాహరణ ఇస్తాను, ఇది నా మనసుకు దగ్గరైనది. సాంబ మసూరికి బాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద బలహీనత. ఆ తెగులుకు గట్టిగా పనిచేసే మందు లేదు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, అప్పట్లో వరి పరిశోధన సంచాలక కార్యాలయంగా ఉన్న నేటి భారత వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని విడుదల చేశాయి. అది సంకరం ద్వారానే చేసిన పని. ఏ మొక్కలో కావలసిన జన్యువు ఉందో డీఎన్ఏ గుర్తులతో చూసి ఏరుకుంటూ, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ వచ్చారు. ఆ మూడింట్లో ఎక్స్ఏ21 అనే జన్యువు మొదట దొరికింది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో. ఈ సంగతి చెప్పినప్పుడు సభలో వచ్చే నిశ్శబ్దం నాకు ఎంతో ఇష్టం. మూడు జన్యువులు ఎందుకని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. బాక్టీరియా మారుతూ ఉంటుంది, ఒక్క జన్యువును దాటడం దానికి తేలిక, మూడింటినీ ఒకేసారి దాటడం చాలా కష్టం.

అంత మంచి పని గురించి కూడా 'తెగుళ్లను తట్టుకునే సాంబ మసూరి' అన్న మాట ఊళ్లలోకి వెళ్లింది. బహువచనం వల్ల వచ్చిన చిక్కు అది. ఆ రకం తట్టుకునేది ఆకు ఎండు తెగులును. అగ్గి తెగులు, దోమపోటు విషయంలో రైతు ఎప్పటిలాగే జాగ్రత్త పడాలి. నేను ఆ రకం గురించి మాట్లాడిన ప్రతిచోటా తెగులు పేరు పూర్తిగా చెప్పి, తట్టుకోని వాటి పేర్లు వెంటనే చెప్పేవాణ్ని. తర్వాత అదే బియ్యం గ్లైసీమిక్ సూచిక సుమారు 51 అని, అంటే తక్కువ శ్రేణిలో ఉందని తేలింది. వెంటనే అది 'షుగర్ ఉన్నవాళ్ల బియ్యం' అయిపోయింది. సూచిక చెప్పేది తిన్న పిండిపదార్థం రక్తంలోకి ఎంత వేగంగా చక్కెరగా చేరుతుందన్నదే. ఎంత తిన్నారన్నది కూడా అంతే ముఖ్యం. మధుమేహం ఉన్న మనిషి రెండు కంచాల అన్నం తింటే ఏ సూచికా కాపాడదు.

ఈ అతిశయోక్తులకు విలేకరులనే తప్పుపట్టడం మనకు అలవాటు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం 20 బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు ఇచ్చిన 462 పత్రికా ప్రకటనలను పరిశీలించింది. వాటిలో సలహాలు ఉన్న ప్రకటనల్లో 40 శాతం పత్రంలో లేనంత గట్టిగా సలహాలిచ్చాయి. జంతువుల మీది పరిశోధనల ప్రకటనల్లో 36 శాతం అక్కడ తేలినదాన్ని పత్రం చెప్పినదానికి మించి మనుషులకు అన్వయించాయి. ప్రకటనలోనే అతి ఉంటే వార్తలోనూ అతి ఉండే అవకాశం బాగా పెరిగింది. అంటే మొదటి మెట్టు మన ఇంట్లోనే ఉంది. మీ సంస్థ ఇచ్చే ప్రకటనను ముద్రణకు ముందు మీరే చదవండి, ఒక్కో విశేషణాన్నీ పట్టుకుని ఆధారం ఏదని అడగండి. సభకు వచ్చే విలేకరులకు ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వండి: ఏం చేశాం, ఎక్కడ చేశాం, ఏం తేలింది, ఏం ఇంకా తేలలేదు. చేతిలో కాగితం ఉంటే వాళ్లు అంకెలు సరిగ్గానే రాస్తారు.

అభ్యంతరాలను మీరే ముందుగా సభ ముందు పెట్టండి. మన దగ్గర ఈ విషయానికి చరిత్ర ఉంది. బాక్టీరియా జన్యువును చొప్పించిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. బీటీ వంకాయ మీద హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం విన్న తర్వాత 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని నిలిపివేసింది. ఆ జ్ఞాపకాలతోనే జనం మీ ముందు కూర్చుంటారు. బయటి జన్యువు మిగలని సవరణలకు 2022 మార్చిలో జీవభద్రత నిబంధనల్లో కొన్నింటి నుంచి మినహాయింపు ఇచ్చారని చెప్పండి. ఆ మినహాయింపు తొందరపాటని వాదించేవాళ్లు ఉన్నారనీ, కొత్త రకాల క్షేత్ర పరీక్షల గణాంకాల మీద కొన్ని సంఘాలు ప్రశ్నలు లేవనెత్తాయనీ, క్రిస్పర్ సాధనం మీద విదేశీ సంస్థల పేటెంట్లు ఉన్నాయనీ కూడా చెప్పండి. ఆ తర్వాత మీ అభిప్రాయం చెప్పండి. శాస్త్రవేత్తకు అభిప్రాయం ఉండటంలో తప్పులేదు, దాన్ని ఫలితంలో కలిపేయకూడదు. నా మటుకు నేను ఈ పద్ధతి మీద నమ్మకం ఉన్నవాణ్ని. అందుకే గణాంకాలన్నీ అందరికీ అందుబాటులో ఉండాలని మరింత గట్టిగా కోరుకుంటాను.

నలభై నిమిషాల్లో ఇరవై ఐదే మాట్లాడి, మిగతాది ప్రశ్నలకు వదలండి. రైతుల ప్రశ్నలు దాదాపు ఎక్కడైనా ఇవే ఉంటాయి. విత్తనం ఎప్పుడొస్తుంది? బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్ విత్తనం, ధ్రువీకరించిన విత్తనం అనే దశలు దాటాలి, రకాన్ని ప్రకటించిన మర్నాడే దుకాణంలోకి రాదు. విత్తనం దాచుకోవచ్చా? కమల హైబ్రిడ్ కాదు కనుక దాచిన విత్తనం అదే రకంగా పండుతుంది. చట్ట రక్షణ పొందిన రకాల్లోనూ 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకు విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కు ఇచ్చింది, సొంత బ్రాండు వేసి అమ్మడం మాత్రం కుదరదు. అన్నం అదే రుచిగా ఉంటుందా, గడ్డి పశువులు తింటాయా, నూక ఎంత పోతుంది, మిల్లరు అదే ధర ఇస్తాడా? వీటికి మీ దగ్గర కొలతలు ఉంటే చెప్పండి, లేకపోతే 'అది మేము కొలవలేదు' అని ఆ మూడు ముక్కల్లోనే చెప్పండి. దానిమీద వివరణలు పేర్చకండి. సాంబ మసూరి పేరు నిలబడిందే అన్నం నాణ్యత మీద. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది కనుక మీ బృందంలో గింజ నాణ్యత చూసేవాళ్లను వెళ్లే ముందే అడిగి పెట్టుకోండి.

జవాబు లేని ప్రశ్నలను అక్కడే, అందరి ముందూ రాసుకోండి. తిరిగి వెళ్లాక సహచరులను అడిగి, ఆ జవాబులను మండల వ్యవసాయ అధికారి ద్వారా ఆ ఊరికి పంపండి. మీ ప్రసంగాన్ని ముందుగా వినిపించడానికి మనిషి కావాలంటే తోటి పరిశోధకులను వదిలి, మీ పరీక్ష మడుల్లో నాట్లు వేసి కోతలు కోసే క్షేత్ర సిబ్బందిని కూర్చోబెట్టండి. ఆ మొక్కలను రోజూ చూసేది వాళ్లే, ఎక్కడ మాట తేలిపోయిందో వెంటనే చెబుతారు.